గేటు నుంచి మూడోది

ఆ వేసవిలో మా అత్తయ్య నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పన్నెండేళ్ల కాపురంలో ఆవిడ నోరు కాసేపు మూతపడితే బాగుండునని నేను కోరుకోని రోజు లేదు. తీరా మూతపడ్డాక గిన్నె కింద పెట్టాలన్నా భయం వేసింది. ఆ తొమ్మిది రోజులకీ కారణం నేనే. కాదు, నీళ్ల పంపు. దాన్ని చూసి నేను ఊరుకోలేకపోయాను, అంతే.

మా ఆయన జిల్లా కౌన్సిల్ వారి శ్మశానానికి కాపలాదారు. మా ఇల్లు దాని గోడకి ఆనుకునే ఉంటుంది. రెండు గదులు, ఒక వంటిల్లు, పనిముట్లు పెట్టుకునే కొట్టం. వంటింటి కిటికీ తీస్తే సమాధులు కనిపిస్తాయి. మీ అబ్బాయి ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే అత్తయ్య "తోటపని" అనేది. అబద్ధం కాదు. గడ్డి కోయడం, చెట్లకి నీళ్లు పెట్టడం, గోడకి సున్నం వేయడం, మధ్యమధ్యలో గొయ్యి తవ్వడం. మా పుట్టింటివాళ్లు ఆ మాట పట్టుకుని, అబ్బాయి గులాబీలు పెంచుతాడు కాబోలు అనుకుని నన్నిచ్చారు.

ఆ ఉద్యోగం పట్టుబట్టి వేయించింది అత్తయ్యే. మామయ్య ఆ తోటలోనే ఉన్నాడు మరి. నేను ఆయన్ని చూడలేదు. మా ఆయనకి ఏడేళ్లప్పుడే పోయాడు. కౌన్సిల్ సభ్యుడు. ఎన్నికల్లో ఆయన గుర్తు నిచ్చెన, అందుకని జనం నిచ్చెనాయన అనేవాళ్లు. పక్క వార్డు నుంచి గెలిచినాయన గుర్తు గొడుగు. ఇద్దరూ కౌన్సిల్లో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. ఈయన ఔనంటే ఆయన కాదంటాడు. ఏటి మీద వంతెన ఎగువన కట్టాలని నిచ్చెనాయన, దిగువన కట్టాలని గొడుగాయన. ఆ వంతెన నేటికీ లేదు.

దాని మీద జరిగిన ఆఖరి మీటింగు ఆరు గంటలు సాగిందట. లోపలి కేకలు బయటి జనం వినకూడదని కిటికీలన్నీ మూసేశారు. అది జ్వరాల ఏడాది. ఆ గదిలోంచి బయటికి వచ్చినవాళ్లలో ఏడుగురు మూడు వారాల్లో పోయారు. అంటుకుంటుందని ఇంటివాళ్లని దగ్గరికి రానివ్వలేదు. కౌన్సిల్ కూలీలే ముఖాలకి గుడ్డలు కట్టుకుని, ఎవరు ముందు పోతే వాళ్లని ముందు, ఒకే వరసలో పూడ్చారు. మీద ఒకే కొలత నల్లరాళ్లు పరిచారు. ఎవరి రాయి మీదా పేరు లేదు. ఒకరి అక్షరం ఇంకొకరి అక్షరం కన్నా పెద్దదైతే చచ్చాక కూడా గొడవే కదా. పేర్లు కాపలాదారు దగ్గర ఒక చీటీలో ఉన్నాయి. గేటు నుంచి ఒకటోది ఫలానా, రెండోది ఫలానా. మామయ్య మూడోది, గొడుగాయన అయిదోది. ఇద్దరి మధ్యా, ఏ పార్టీలోనూ చేరకుండా గెలిచిన కంపౌండరు ఒకాయన.

జ్వరాలు తగ్గి జనాన్ని తోటలోకి రానిచ్చేసరికి ఏడాది దాటింది. అత్తయ్య వచ్చి అడిగితే అప్పుడే కొత్తగా చేరిన కాపలాదారు చీటీ చూసి, గేటు దగ్గర నించుని, వేలితో లెక్కపెట్టి మూడో రాయి చూపించాడు. ఆ రోజు నుంచి ఆవిడ ఆ రాయిని వదిలిపెట్టలేదు. రోజూ పొద్దున్నే టీ తాగి, చిన్న స్టూలు చంకన పెట్టుకుని వెళ్లేది. "లేచారా?" అని పలకరించి మొదలుపెట్టేది. కిరసనాయిలు ధర, మోకాలి నొప్పి, మా ఆయనకి వచ్చిన దగ్గు, నేను మాడబెట్టిన గిన్నె. నా గురించి చెప్పేటప్పుడు కిటికీ దాకా వినబడాలని గొంతు పెంచేది. ఆఖర్న అయిదో రాయి వైపు తలతిప్పి, "ఆ గొడుగు వెధవ కూడా వింటూనే ఉంటాడు, విననివ్వండి, మనకేం దాపరికం?" అని లేచేది.

మూడో రాయి వెనక వరసలో, మామయ్య కాళ్ల దగ్గర, చుట్టూ ఇటుకలు పాతిన కాస్త ఖాళీ చోటు ఉండేది. అది అత్తయ్యది. కౌన్సిల్ వాళ్లిచ్చిన కాగితం ఆవిడ పెట్టెలో అడుగున ఉంది. ఈ లోకంలో తనదంటూ ఉన్న స్థలం అదొక్కటేనని అందరికీ చెప్పుకునేది.

ఆ వేసవికి కౌన్సిల్ పెట్టి వందేళ్లయింది. జిల్లాలో పుట్టి పదవులు చేసినవాళ్లంతా ఎక్కడెక్కడ పూడ్చబడ్డారో ఒక పుస్తకం వేయాలని, మా తోటలో ఉన్న ఏడుగురికీ ఇత్తడి ఫలకాలు పెట్టాలని తీర్మానం చేశారు. పుస్తకం పని రిటైరైన చరిత్ర మాస్టారికి అప్పజెప్పారు. ఆయన ఎండలో సైకిలు తొక్కుకుంటూ జిల్లా అంతా తిరిగి, ఒకరోజు మధ్యాహ్నం మా ఇంటికొచ్చి మంచినీళ్లడిగాడు.

"ఎంతమంది దొరికారు మాస్టారూ?" అన్నాను.

"ముప్పై ఎనిమిది మందిలో ముప్పై ఒక్కరు. మిగతావాళ్లు బతికున్నప్పుడూ దొరికేవాళ్లు కారు."

ఒక మంత్రి తన ఓటర్లందర్నీ చూస్తూ ఉండాలని కొండ మీద పూడ్చమన్నాడట. ఇప్పుడా కొండని కంకర కోసం సగం తవ్వేశారు, మంత్రిగారు అంచు మీద ఉన్నారు. ఒక చైర్మనుకి రెండు ఊళ్లలో రెండు సమాధులున్నాయి. మాదంటే మాదని రెండు ఊళ్లూ కొట్టుకుంటుంటే మాస్టారు రెండూ రాసుకున్నాడు. పదకొండు ఎన్నికల్లో పోటీ చేసి పదకొండుసార్లూ ఓడిపోయినాయన ఒకడున్నాడు, ఆయన్ని చేర్చాలా వద్దా అన్నది మాస్టారి సందేహం.

"గెలిచినవాళ్లనే రాయండి," అంది అత్తయ్య గుమ్మంలోంచి. "ఓడిపోయినవాళ్లని కూడా రాయాలంటే మనందర్నీ రాయాలి."

మాస్టారు నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు.

"మా ఆయన పేరు గొడుగాయన పేరుకన్నా ముందు రావాలి."

"అక్షరక్రమంలో వేస్తున్నానమ్మా."

"అక్షరాలకేం తెలుసండీ?"

మాస్టారికి చూపు తగ్గింది. నా రాత గుండ్రంగా ఉంటుందని ఎవరో చెప్పారట. కౌన్సిల్ ఆఫీసులో మూలన పడి ఉన్న పాత పెద్ద రిజిస్టరు తెచ్చి నాకిచ్చి, మా తోటకి సంబంధించిన పేజీలు శుభ్రంగా ఎత్తి రాసిపెట్టమన్నాడు. శుక్రవారానికి కావాలి, ఆ పై సోమవారం ఫలకాలు బిగిస్తారు. ఆ రిజిస్టరు మేమెప్పుడూ చూడలేదు. మా దగ్గరున్నది అంకెల చీటీ ఒక్కటే.

మర్నాడు వంటయ్యాక కిటికీ దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టాను. తేదీ, పేరు, అంకె, పక్కన "వివరం" అని ఒక గడి. ఎవరో ఓపికమంతుడు రాసినట్టున్నాడు, ఏ గడీ ఖాళీ వదల్లేదు. ఒకటోదాని పక్కన "గేటు దగ్గర, తూర్పు గోడకి మూరెడు దూరం" అని ఉంది. రాసేశాను. ఏడోదాని పక్కన "వరసలో ఆఖరిది, నీళ్ల పంపు పక్కన" అని ఉంది. అదీ రాసేశాను. రాసి, సిరా ఆరడానికి ఊదుతూ తలెత్తితే కిటికీలోంచి పంపు కనిపించింది. రోజుకి నాలుగుసార్లు నీళ్లు పట్టుకునే పంపే. గేటు పక్కన, ఒకటో రాయికి రెండడుగుల దూరంలో.

రాయి గాని జరిగి ఉండాలి, పంపు గాని నడిచి ఉండాలి. పేజీలు తిరగేస్తే ఆ తర్వాతి ఏడాది తీర్మానం ఒకటి దొరికింది. రోడ్డు వెడల్పు చేయడం కోసం తూర్పు గేటు మూసి గోడ కట్టి, పడమర వైపు పంపు దగ్గర కొత్త గేటు పెట్టారు.

చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి వెళ్లాను. ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి లెక్కపెట్టాను. గేటు మారిపోయిందని చీటీకి తెలియదు. కొత్త కాపలాదారు కొత్త గేటు దగ్గర నించుని పాత అంకెలు లెక్కపెట్టాడు. ఇటు మూడోది అంటే అటు నుంచి అయిదోది. మధ్యలో ఉన్న కంపౌండరు ఒక్కడే ఎటు నుంచి చూసినా తన చోట తనున్నాడు. ఏ పార్టీలోనూ చేరనందుకు ఆయనకి దక్కిన లాభం అదీ.

మొదట నాకు నవ్వొచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లుగా మా అత్తయ్య ఇంటి గుట్టంతా గొడుగాయనకి చెప్పుకుంటోంది. ఆయన్ని తిట్టాలనుకున్నప్పుడల్లా మామయ్య వైపు తిరిగి తిట్టింది. నవ్వుతూనే ఇటుకలు పాతిన ఖాళీ చోటు వైపు చూశాను. నవ్వు ఆగిపోయింది. పాదాలు కాలుతున్నాయని అప్పుడు తెలిసింది.

మా ఆయన కొట్టంలో కొడవలి నూరుతున్నాడు.

"ఏవండీ, మన గేటు మొదటినుంచీ ఇటే ఉందా?"

"లేదు. నా చిన్నప్పుడు తూర్పున ఉండేది. దాని మీదెక్కి ఊగేవాళ్లం. ఒకసారి పడి మోచెయ్యి..."

నూరుతున్న చెయ్యి ఆగిపోయింది. కొడవలి రాయి మీదే ఉంది. నేను రిజిస్టరు తెచ్చి చూపించాను. ఆయన చదవలేదు. చదవాల్సిన అవసరం లేకపోయింది. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ అడిగినవాళ్లందరికీ ఇటు నుంచి లెక్కపెట్టి చూపించింది తనే.

"అమ్మకి చెప్పకు," అన్నాడు.

"సోమవారం ఫలకాలు?"

"అమ్మ ఎక్కడ అనుకుంటోందో అక్కడే పెడదాం. రాయి కింద ఎవరున్నారో మట్టికి తెలుసు. పైన ఉన్నవాళ్లకి ఏది తెలుసో అదే నిజం. ఈ వయసులో వెళ్లి, ఇన్నాళ్లూ నువ్వు పరాయివాడితో మాట్లాడావమ్మా అంటే గుండె ఆగిపోతుంది."

"ఆగితే ఎవరి కాళ్ల దగ్గర పెడతారు? గొయ్యి తవ్వేది మీరే కదా."

నా నోరు అలాంటిది. మాట బయటపడ్డాక గాని దాని బరువు తెలియదు. ఆయన కొడవలి గోడకి తగిలించి బయటికి వెళ్లిపోయాడు. ఆ పూట అన్నానికి రాలేదు.

మూడు రోజులు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అత్తయ్య మాత్రం పొద్దున్నే స్టూలు పట్టుకుని వెళ్లి, "లేచారా? ఇంట్లో వీళ్లిద్దరికీ ఏదో చెడిందండీ, నాకు చెప్పరు," అని గొడుగాయనకి చెప్పింది. కిటికీ దగ్గర నించుని విన్నాను. అంతకుముందు ఆ మాటలు వింటే ఒళ్లు మండేది. ఇప్పుడు ఏడుపొచ్చింది. గురువారం మాస్టారు వస్తే వంటింటి గుమ్మంలో నిలబెట్టి సంగతంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నా పుస్తకంలో తప్పు ఉండకూడదమ్మా. మీ ఇంట్లో ఏం ఉండాలో చెప్పడానికి నేనెవర్ని? నువ్వు ఏది రాసిస్తే అదే అచ్చేయిస్తాను."

ఎంత పెద్దమనిషి తరహాగా చెప్పినా, భారం నా నెత్తినే పెట్టిపోయాడు.

ఆ సాయంత్రం అత్తయ్య చిక్కుడుకాయలు గిల్లుతోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. మా ఆయన చెట్లకి నీళ్లు పెడుతున్నాడు, బకెట్టు చప్పుడు వినబడుతోంది.

"అత్తయ్యా, మీకో సంగతి చెప్పాలి. గేటు గురించి."

"విరిగిందా?"

"మారింది. ముప్పై ఏళ్ల కిందట."

తీర్మానం సంగతి, పంపు సంగతి, అంకెల సంగతి ఒక్కొక్కటే చెప్పాను. ఆవిడ గిల్లడం ఆపలేదు. అంతా విని అడిగింది.

"పంపు కదల్లేదా?"

"లేదండీ."

"రాళ్లు?"

"లేదు."

"నీకు లెక్కలొచ్చా?"

"ఏడు దాకా వస్తాయండీ."

అత్తయ్య చాటలోంచి ఏడు చిక్కుడుకాయలు తీసి నేల మీద వరసగా పెట్టింది. కుడివైపు నుంచి మూడోదాని మీద వేలు పెట్టింది. ఎడమవైపు నుంచి మూడోదాని మీద ఇంకో వేలు పెట్టింది. రెండు వేళ్ల మధ్యా ఒక కాయ ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత ఏడింటినీ ఏరి చాటలో పోసింది.

"అయితే నేను ఇన్నాళ్లూ..." అని ఆగిపోయింది. "పొయ్యి వెలిగించు," అంది. ఆ తొమ్మిది రోజులకి ముందు అదే ఆఖరి మాట.

శుక్రవారం మాస్టారికి సరైన వరసే రాసిచ్చాను. ఫలకాలు మాత్రం వారం రోజులు వాయిదా వేయించాడు మా ఆయన, రాళ్లు ఎండకి కాలిపోతున్నాయి, మేకులు దిగవని చెప్పి. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అత్తయ్య వేళకి తినేది, వేళకి పడుకునేది. తోటలోకి మాత్రం వెళ్లలేదు. వంటింటి కిటికీ తనే మూసేసింది. టీ తాగాక స్టూలు వైపు చూసి, చూపు తిప్పుకునేది. నిజం చెప్పాననే గర్వం నాకు నాలుగో రోజుకే పోయింది. ఈ మనిషి ఇలా గోడవైపు తిరిగి కూర్చునే పోతుంది, చంపింది నువ్వేనని నాకు నేనే చెప్పుకున్నాను. రాత్రికి రాత్రి పంపుని పీకి అవతలివైపు పాతేస్తే సరిపోను కదా అని కూడా అనిపించింది.

పదో రోజు పొద్దున్న చెప్పులు వేసుకుని గుమ్మంలో నించుంది.

"గొడుగావిడ ఇల్లు తెలుసా నీకు?"

గొడుగాయన భార్య బజారు వీధిలో కుట్టుమిషన్ల దుకాణం పైన ఉంటుంది. ఇరుకు మెట్లు. అత్తయ్య మెట్టుకోసారి ఆగుతూ ఎక్కింది. ఆవిడ వరండాలో బట్టలు మడత పెట్టుకుంటోంది. పొడుగు మనిషి, జుట్టంతా తెల్లబడిపోయింది. ఎన్నికల రోజుల్లో ఒకరి ఇంటి ముందు నుంచి ఇంకొకరిని నడవనివ్వని పంతాల వల్ల, ఒకే ఊళ్లో ఉండి వీళ్లిద్దరూ ముప్పై ఏళ్లకి పైగా మాట్లాడుకోలేదు.

అత్తయ్య కూర్చోలేదు. ఆయాసం తీరక ముందే అనేసింది.

"మీ ఆయన ఇన్నాళ్లూ నా దగ్గరున్నాడు."

గొడుగావిడ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. "ఏ ఆయన? నాకున్నది ఒక్కడే, వాడు పోయాడు."

నేను కల్పించుకుని విషయం చెప్పాను. బాగా అలవాటైపోయింది నాకు అప్పటికి, గేటు, పంపు, ఏడు రాళ్లు. ఆవిడ వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టింది. వరండా కమ్మీ పట్టుకుని నవ్వింది. అత్తయ్య ముఖం చూసి ఆపుకుంది.

"నేను నెలకోసారి వచ్చేదాన్ని, చూసే ఉంటావు. ఎందుకొచ్చేదాన్నో తెలుసా?"

"ఎందుకు?"

"తిట్టడానికి. బతికుండగా నన్నొక్క మాట అననిచ్చేవాడు కాదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, అదీ. పోయాక నెలకోసారి వెళ్లి కడుపునిండా తిట్టొచ్చేదాన్ని. ఆ రాత్రి సుఖంగా నిద్రపట్టేది."

"మా ఆయన్నా!" అంది అత్తయ్య.

"మీ ఆయన్నే అయ్యుంటుంది మరి."

"ఏమని తిట్టావు?"

"అన్నీ. తాగుబోతువన్నాను. నా నగలు అమ్మి ఓట్లు కొన్నావన్నాను."

"మా ఆయన తాగడు! ఆయనకి నోట్లో నాలుక లేదు. మీటింగుల్లో అరిచేవాడే గాని ఇంటికొస్తే..." అత్తయ్య కుర్చీలో కూలబడింది. "ముప్పై ఏళ్లు తిట్లు తిన్నాడా పాపం. ఎందుకో కూడా తెలియకుండా."

కింద దుకాణంలో మిషను గడగడలాడి ఆగింది.

"నువ్వేం చెప్పేదానివి మావాడికి?" అని అడిగింది గొడుగావిడ.

"ఏముంది, ఇంట్లో సంగతులు. రోజూ పొద్దున్నే లేచారా అని అడిగేదాన్ని. రాత్రి వాన పడితే తడిశారా అనేదాన్ని."

గొడుగావిడ దుప్పటి ఒళ్లో పెట్టుకుని దాని అంచు సరిచేసింది. సరిగానే ఉన్న అంచుని మళ్లీ మళ్లీ సరిచేసింది. "వాణ్ని అలా పలకరించినవాళ్లు లేరు," అంది. "నేను కూడా."

మంచినీళ్లు ఇచ్చింది, తాగాం. మేం లేచేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "నాకూ ఆ రాయి వెనకే కౌన్సిల్ వాళ్లిచ్చిన చోటుంది. దాన్ని అక్కడే ఉండనివ్వరాదూ, మీ ఆయన కాళ్ల దగ్గర? అన్ని తిట్టినా తిరిగి ఒక్క మాట అనలేదు మహానుభావుడు," అంది.

"కుదరదు. ఆ చోటు నాది," అంది అత్తయ్య ఠక్కున. ఇద్దరూ నవ్వారు. మెట్లు దిగుతూ సగంలో ఆగి నా భుజం పట్టుకుంది.

"అంత చెడ్డవాడంటావా ఆ మనిషి? నాతో బాగానే ఉండేవాడే."

మర్నాడే ఫలకాలు బిగించారు. పాత ఇటుకలన్నీ మా ఆయన తన చేత్తో ఒక్కొక్కటీ పీకి, కడిగి, సరైన రాయి వెనక పాతాడు. పాతుతున్నంతసేపూ అత్తయ్య స్టూలు మీద కూర్చుని, కుడికి జరుపు, ఎడమకి జరుపు అని చెప్పింది. పని అయ్యాక ఆయన మట్టి చేతులతో అలాగే నించుని, "తప్పు నాదే అమ్మా," అన్నాడు. "గేటుకి కాళ్లొస్తే నువ్వేం చేస్తావురా," అంది ఆవిడ. రాయి తారుమారైన మిగతా నాలుగు ఇళ్లవాళ్లకీ ఉత్తరాలు రాశాం. రెండు ఇళ్లవాళ్లే వచ్చారు.

పని అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. అత్తయ్య పొద్దున్నే స్టూలు పట్టుకుని కొత్త చోటికి వెళ్లేది, కూర్చునేది, ఒక్క మాట మాట్లాడకుండా లేచి వచ్చేసేది. ఇలా రెండు రోజులు. మూడో రోజు నేనే అడిగాను.

"ఏమైందత్తయ్యా?"

"ఏం చెప్పాలో తెలియడం లేదే. మోకాలు నొప్పి అందామంటే, ఎప్పటినుంచి అంటాడు. వీడు తోటలోనే పనిచేస్తున్నాడని ఆయనకి తెలియదు. మీ పెళ్లి తెలియదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయనకి ఎవరూ ఏదీ చెప్పలేదు, ఆవిడ తిట్లు తప్ప." కళ్లు తుడుచుకుంది. "మొదటినుంచీ చెప్పాలి. ఎన్నాళ్లు పడుతుందో. నాకంత టైముందో లేదో."

అలా మొదలైంది. రోజుకి ఒక ఏడాది. కొన్ని ఏళ్లు అరగంటలో అయిపోయేవి, కొన్ని మూడు రోజులు పట్టేవి. మా ఆయనకి టైఫాయిడ్ వచ్చిన ఏడాది చెప్పిన రోజు మధ్యాహ్నం దాకా రాలేదు. నేను గొడుగు పట్టుకెళ్లి ఇస్తే చేత్తో పొమ్మని సైగ చేసింది. అంత ఎండలోనూ ఆవిడ ముఖం తేటపడుతోంది. ఒక్కోరోజు ఇంటికొచ్చాక, "అది టైఫాయిడ్ వచ్చిన ఏడు కదూ, కాదు, వాడు స్కూలు మారిన ఏడు," అని నన్నే అడిగేది, నేను పుట్టింట్లో ఉన్న రోజుల సంగతి. గొడుగాయన రాయి ముందు నుంచి వెళ్లేటప్పుడు మాత్రం నడుస్తూనే, "లేచారా?" అని పలకరించడం మానలేదు.

నేను లోలోపల లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను. ఆవిడ చెప్పుకొస్తున్న ఏళ్లలో పంతొమ్మిదో ఏట నేను ఆ ఇంటికి వస్తాను. గొడుగాయన దగ్గర నా మీద పన్నెండేళ్ల నేరాల చిట్టా ఉంది, అక్షరం పొల్లుపోకుండా నాకూ తెలుసు. ఇప్పుడది మామయ్య దగ్గర మళ్లీ మొదలవుతుంది. ఆయన నన్ను చూడనైనా చూడలేదు. వినబోయే మొదటి మాట ఏదో, అదే నేను. ఆ వయసులో, అన్నేళ్ల కాపురం తర్వాత, పోయిన మామగారి దగ్గర మంచి అనిపించుకోవాలని నాకెందుకంత ఆరాటమో తెలియదు. ఆరాటపడ్డానన్నది మాత్రం నిజం.

ఆ రోజు పొద్దున్నే మబ్బు పట్టింది. వానలు ఇవాళో రేపో అన్నట్టుంది. బకెట్టు పంపు కింద పెట్టాను గాని నీళ్లు కొట్టలేదు. కొడితే చప్పుడుకి మాటలు వినబడవు. గడ్డి పీకుతున్నట్టు నటిస్తూ నాలుగో రాయి దాకా జరిగాను.

"ఈ ఏడే వీడికి పెళ్లి చేశానండీ," అంటోంది అత్తయ్య. "పిల్ల కాస్త పొట్టి. వంట అంతంతమాత్రం, పప్పులో ఉప్పు మర్చిపోతుంది, గుర్తొచ్చిన రోజు రెండుసార్లు వేస్తుంది. నోటికి అడ్డూ ఆపూ లేదు. కడుపులో మాట దాచుకోవడం చేతకాదు దానికి, ఏదైనా సరే కక్కేయాల్సిందే."

నాకు చెవులు వేడెక్కాయి. లేచి వెళ్లిపోదామనుకున్నాను.

"ఏమే," అంది అత్తయ్య ఇటు తిరక్కుండానే. "అక్కడ గడ్డి లేదు, నిన్ననే కోశాడు వాడు. అంత దూరం నుంచి ఏం వింటావు, ఇలా దగ్గరికి రా."

చేతులకి మట్టి. తుడుచుకుని వెళ్లాను. స్టూలు పక్కన నేల మీద చోటు చూపించింది, కూర్చున్నాను. నా తల మీద చెయ్యి వేసి, రాయి వైపు కాస్త వంగింది.

"ఇదేనండీ మన కోడలు," అంది. "మీరు ఇక్కడున్నారని నాకు చెప్పింది ఇదే."